అద్దంలో పిట్ట, బస్సు మీద బొమ్మ

"ఆ పంజరం మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?"

లేలీడార్ప్ వెళ్ళే బస్సులో డ్రైవరుతో ఆ గొంతులో మాట్లాడినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. డెలానో పాట సౌండు తగ్గించి పక్కకి తిరిగాడు. ముందు సీట్లో సార్తినీ కూర్చుని ఉంది. ఒళ్ళో సూప్ గిన్నె, దాని మీద ఇంకో గిన్నె, ఆ పైన మిగిలిపోయిన అరటాకుల కట్ట. పొద్దున్నించీ పారామారిబో ఊరి పెద్ద మార్కెట్లో సూప్ అమ్మి, ఖాళీ గిన్నెలతో ఇంటికి వెళ్ళడం ఆమెకు రోజూ ఉన్న పనే. డ్రైవర్లతో పోట్లాటకు దిగడం మాత్రం ఆమె పద్ధతి కాదు. కానీ ఆ పంజరాన్ని చూశాక నోరు ఊరుకోలేదు.

"పంజరం మీకేమైనా అడ్డంగా ఉందా మేడం?"

"నాకేం అడ్డం లేదు. పాపం ఆ పిట్టని చూస్తే కడుపు తరుక్కుపోతోంది."

వెనక వచ్చే బళ్ళు కనపడే అద్దం పక్కనే పంజరం వేలాడుతోంది. అందులో నల్లటి త్వాత్వా పిట్ట, లావు ముక్కు రొమ్ములోకి దూర్చుకుని ముడుచుకు కూర్చుంది. ఆ ఊళ్ళో మగాళ్ళు పిట్ట పంజరం చేత్తో పట్టుకుని ఆఫీసుకీ వెళ్తారు, బ్యాంకుకీ వెళ్తారు, పళ్ళడాక్టరు దగ్గరకీ వెళ్తారు. జనానికి అలవాటు పడని పిట్ట ఆదివారం మైదానంలో కూతల పోటీకి పెడితే నోరు విప్పదు మరి. డ్రైవరు గనక డెలానో దాన్ని బస్సులో తిప్పుతున్నాడు.

"దీని పేరు కమీషనర్," అన్నాడు పెళ్ళికొడుకుని పరిచయం చేసినట్టు. "అడవిలో ఉన్నప్పుడు అదరగొట్టేదట. నా దగ్గరికి వచ్చాక మౌనవ్రతం పట్టింది."

"పట్టదూ మరి! రోజంతా అద్దంలో ఇంకో మగపిట్ట కనిపిస్తోంది దానికి. ఇది రెక్క విప్పితే అదీ విప్పుతుంది. ఇది మీదికి ఉరికితే అదీ ఉరుకుతుంది. ఎంతకీ వెనక్కి తగ్గని శత్రువు ఎదురుగా కూర్చుంటే మీకు పాట వస్తుందా?"

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. డెలానో మూతి ముడుచుకున్నాడు.

"నేను చిన్నప్పట్నించీ పిట్టల్ని చూస్తున్నానమ్మా."

"మీరు చూస్తున్నారు. అది ఏం చూస్తోందో మీరు చూళ్ళేదు."

ఆమె స్టాపు వచ్చింది. గిన్నెలు ఎత్తుకుని దిగిపోయింది. మర్నాడు అదే బస్సు ఎక్కేసరికి పంజరం అద్దం దగ్గర లేదు, డ్రైవరు సీటు వెనక కొక్కేనికి ఉంది. డెలానో మాత్రం రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "అక్కడ ఎండ తగుల్తోందని మార్చాను," అన్నాడు.

"నేనేమైనా అడిగానా?" అంది సార్తినీ. నవ్వు కనపడకుండా అరటాకుల కట్ట పైకి జరుపుకుంది.

అలా మొదలైంది. అద్దం దగ్గర్నించి తీసేసినంత మాత్రాన పిట్ట కూయలేదు. తల మాత్రం పైకెత్తింది. డెలానోకి అది చాలదు. తేనె పెడదామన్నాడు, విటమిను చుక్కలు వేద్దామన్నాడు, ఫోనులో వేరే పిట్టల కూతలు వినిపిద్దామన్నాడు, పంజరం రంగు కూడా మారుద్దామన్నాడు.

"అన్నీ ఒకేసారి చేసేద్దాం. ఏదో ఒకటి తగలకపోదు," అన్నాడు.

"అన్నీ ఒకేసారి మారిస్తే, రేపు అది కూసినా ఎందుకు కూసిందో తెలీదు, కూయకపోయినా ఎందుకు కూయలేదో తెలీదు. ఒక్కటి మార్చు. ఆగు. చూడు. తరవాత ఇంకొకటి."

"ఎన్నాళ్ళు ఆగాలి?"

"అది చెప్పేవరకు."

"అది మాట్లాడకపోవడమే కదా తల్లీ మన బాధ!"

సార్తినీ రోజూ ముందు సీట్లో కూర్చుని పిట్ట తోకనే గమనించేది. దారిలో ఒకచోట తోక అణిగిపోతోంది, ఈకలు ఒంటికి అంటుకుపోతున్నాయి. ప్రతిసారీ అక్కడే. ఏమిటా అని చూస్తే, రోడ్డు పక్కన మంగలి షాపు ముందు పేరు మోసిన ముసలి త్వాత్వా ఒకటి వేలాడుతోంది. దాని కూత బస్సులోకి వినపడుతోంది. అనుభవం లేని కుర్ర పిట్టని రోజుకి పదిసార్లు పహిల్వాను ముందునించి నడిపిస్తే దానికి ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది? అప్పట్నించీ మంగలి షాపు మలుపు రాగానే డెలానో బస్సు ఆపి, పంజరం మీద గుడ్డ కప్పి, మళ్ళీ బయల్దేరేవాడు.

"ఇది బస్సా, పిట్టల ఆస్పత్రా?" అని అరిచేవాళ్ళు జనం.

"కమీషనర్‌గారు వస్తున్నారు, కాస్త మర్యాద," అనేవాడు డెలానో.

ఒకసారి బస్సు ఆఖరి స్టాపుకి చేరేసరికి వాన దంచి కొట్టింది. జనమంతా దిగి పరిగెత్తారు. వానలో గిన్నెలతో తన స్టాపులో దిగలేక అక్కడిదాకా వచ్చిన సార్తినీ ఉండిపోయింది. రేకు మీద చప్పుడుకి మాట వినపడాలంటే దగ్గరికి జరగాల్సిందే. డెలానో ఆ అవకాశం వదులుకునే రకం కాదు.

"పిట్టకి నేర్పినంత ఓపిగ్గా నాకూ ఏదైనా నేర్పకూడదూ?"

"నీకు నేర్పడం కష్టం. పిట్ట మధ్యలో మాట్లాడదు."

"సరే, మాట్లాడను." నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. అలా కూర్చోవడం అతనివల్ల ఎంతసేపవుతుంది? "మా ఎస్సెలీన్ అత్తని మీ ఇంటికి పంపనా? పెద్దవాళ్ళే కదా అడగాల్సింది మీ జావా వాళ్ళలో. కేకు కూడా తనే చేస్తుంది."

ఆ మాట కోసం ఎన్ని వానలు ఎదురుచూసిందో సార్తినీకే తెలుసు. అయినా నోటినించి వచ్చింది ఒక్కటే.

"ఆగు."

"ఎందాకా?"

"నేను చెప్పేదాకా."

ఎందుకో చెప్పలేదు. చెప్తే మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కేకూ అత్తా సహా ఇంటి ముందు దిగుతాడని ఆమె భయం. ఇంట్లో ఉన్న మనిషి సంగతి ఆమెకి బాగా తెలుసు.

ఆ మనిషి వాగిమన్, సార్తినీ తండ్రి. ఒకప్పుడు ఆదివారం మైదానంలో ఆయన పంజరం పెడితే ఎదర పెట్టడానికి జంకేవాళ్ళు. సార్తినీకి వచ్చిన విద్యంతా ఆయన వెనక తిరిగి నేర్చుకున్నదే. కానీ ఒక ఆదివారం ఆయన పోటీ గెలిచి ఇంటికి వచ్చేసరికి వంటింట్లో భార్య పడిపోయి ఉంది. ఇంట్లో ఎవరూ లేని టైములో గుండె ఆగిపోయింది. అంత్యక్రియలు అయిన సాయంత్రమే ఆయన పంజరాలన్నీ తలుపులు తీసి వదిలేశాడు. అప్పట్నించీ పిట్ట పంజరం పట్టుకున్న మగాడు కనిపిస్తే ఉమ్మేస్తాడు. బస్సు డ్రైవర్లంటే అదో చిరాకు. జావా వాళ్ళ పిల్లని నల్లవాళ్ళ కుర్రాడికి ఇవ్వడమంటే ఆయన వినను కూడా వినడు. డెలానోలో ఈ మూడూ ఉన్నాయి.

సార్తినీ ఇది కూడా ఒక పిట్ట పనే అనుకుంది. ఒక్కటి మార్చు, ఆగు, చూడు. తండ్రి అయినా సరే.

ముందు పెరట్లో గడ్డి గింజల కట్ట ఒకటి ఆరేసింది. ఆయన చూసి మాట్లాడలేదు. కొన్నాళ్ళకి అటకమీది పాత పంజరం దించి కడిగి పెట్టింది. ఆయన కనుబొమలు ముడిచాడు గానీ అవతల పారెయ్యమనలేదు. అప్పుడు, కొన్నాళ్ళు ఇంట్లో ఉంచి చూస్తానని డెలానోని అడిగి, కమీషనర్‌ని తెచ్చింది.

"ఎవరిదది?"

"బస్సు డ్రైవరుది నాన్నా. బస్సు రిపేరులో ఉందట, ఇంట్లో చూసేవాళ్ళు లేరు. కొన్నాళ్ళు పెట్టుకోమన్నాడు."

"నా కళ్ళముందు పెట్టకు."

వంటింటి వెనక కట్టింది. మర్నాడు ఆయన అటు వెళ్ళలేదు. ఆ తరవాత ఒక పొద్దున్న వెనకనించి కేక వినిపించింది. "ఏ గాడిద పెట్టాడే ఈ కర్ర? ఇంత లావు కర్ర మీద కూర్చుంటే దాని కాళ్ళు పడిపోవూ?" అరిచి, తనే జామకొమ్మ విరిచి సన్నంగా చెక్కి లోపల పెట్టాడు. సార్తినీ పొయ్యి దగ్గర మొహం దాచుకుని నవ్వుకుంది. ఇంకొన్నాళ్ళకి పంజరం వసారాలోకి వచ్చింది. ఎవరు తెచ్చారని ఆమె అడగలేదు.

డెలానోకి ఇవేమీ తెలియవు. అతనికి తెలిసిందల్లా తన పిట్ట వాళ్ళింట్లో ఉంది, తను మాత్రం గేటు బయట ఉన్నాడు.

"కమీషనర్ ఎలా ఉన్నాడు?"

"బావున్నాడు."

"నేనొచ్చి చూడొచ్చా?"

"ఇప్పుడొద్దు."

"మీ నాన్నకి నా పేరైనా తెలుసా?"

"తెలుస్తుందిలే."

"సార్తినీ, ఒక్కమాట. నేనంటే నీకు ఇష్టమా, కాదా?"

ఆమె సూప్ గిన్నె మూత సర్దుకుంటూ, "ఆగమన్నానా లేదా?" అంది. ఇష్టం లేకపోతే ఇంత పని పెట్టుకుంటానా అని లోపల అనుకుంది. లోపల అనుకున్నవి ఎదటివాడికి వినపడతాయని ఎవరు చెప్పారో ఈ పిల్లకి! దానికి తోడు ఆ మధ్య మార్కెట్లో ఎవరో, నికెరీ నించి ఒక రైసుమిల్లు వాళ్ళు వాగిమన్ కూతుర్ని చూడటానికి వస్తున్నారని అన్నారు. ఉత్త పుకారు. డెలానో చెవిన పడింది. అడిగితే, "జనం ఏదో ఒకటి అంటారు," అని కొట్టిపారేసింది. అది జవాబు కాదని ఆమెకి తట్టలేదు.

ఒక పొద్దున్న పిట్ట కూసింది.

వాగిమన్ కాఫీ గ్లాసుతో వసారాలో నిలబడి ఉన్నాడు. మొదట గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు. తరవాత ఒక్కసారిగా నిండు కూత, ఆపకుండా, ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో తెలియకుండా. ఆయన చేతిలో కాఫీ చల్లారిపోయింది. కళ్ళు తుడుచుకోలేదు కూడా.

"మీ అమ్మకి ఇలాంటి కూత ఇష్టం," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ సార్తినీతో. ఆమె పోయాక వాగిమన్ నోట భార్య మాట రావడం అదే మొదలు. "వచ్చే ఆదివారం పోటీ ఉంది కదూ. దీన్ని నేనే పట్టుకెళ్తాను. ఆ డ్రైవరుని కూడా అక్కడికి రమ్మను. పిట్టని ఇలా ఎండబెట్టినందుకు నాలుగు తిట్టాలి."

ఆ తిట్లలో ఉన్న మెత్తదనం సార్తినీకి తెలుసు. ఇంక మిగిలింది ఒక్కటే మెట్టు. మైదానంలో పిట్ట కూస్తుంది, నాన్న మనసు నిండుతుంది, అప్పుడు డెలానో చెయ్యి పట్టుకుని ముందుకు తెస్తుంది. ఆ వారమంతా ఆమె నేల మీద లేదు. బస్సులో మాత్రం డెలానోతో, "ఆదివారం మైదానానికి రా. మంచి చొక్కా వేసుకో," అని మాత్రమే చెప్పింది. మిగిలింది సర్‌ప్రైజ్ అనుకుంది.

సర్‌ప్రైజులు ఆమె ఒక్కదాని సొత్తు కాదు.

శనివారం మధ్యాహ్నం మార్కెట్ ముందు ఒకటే గోల. జనం మూగి ఈలలు వేస్తున్నారు. సార్తినీ గరిటె పక్కన పెట్టి చూసింది. డెలానో బస్సు నిలబడి ఉంది. నిన్నటిదాకా దాని వెనక ఒక హిందీ సినిమా హీరో ఉండేవాడు. ఇప్పుడు అక్కడ సార్తినీ ఉంది. బస్సు వెడల్పున మొహం, సినిమా హీరోయిన్లకి వేసే ఆ పొడుగాటి రెప్పలే, ఆ ఎర్రటి పెదాలే. తల వెనక పూర్ణచంద్రుడిలా సూప్ గిన్నె. కింద బంగారు రంగులో పెద్ద అక్షరాలు: నా సార్తినీ.

ఆ ఊళ్ళో బస్సుల మీద బొమ్మలు కొత్త కాదు. రాజులూ దేవుళ్ళూ ఫుట్‌బాల్ ఆటగాళ్ళూ అందరూ ఊరేగుతారు. కానీ పక్కింటి అమ్మాయి బొమ్మ ఎవరూ వేయించరు, పెళ్ళాం బొమ్మ తప్ప.

డెలానో బస్సు పక్కన కొత్త చొక్కాలో నిలబడి, పరీక్ష పాసైనవాడిలా మెరిసిపోతున్నాడు. "ఎలా ఉంది టీచరమ్మా? నువ్వు చెప్పేదాకా ఆగలేక నేనే చెప్పేశాను. ఊరందరికీ!"

ఆమె చూపు అతని భుజం మీదుగా దాటిపోయింది. రోడ్డు అవతల వాగిమన్ నిలబడి ఉన్నాడు. చేతిలో పంజరం మీద కప్పడానికి కొన్న కొత్త గుడ్డ, నీలం రంగుది. ఆయన బొమ్మ చూశాడు, అక్షరాలు చూశాడు, జనాన్ని చూశాడు. గుడ్డ మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సార్తినీకి ఒళ్ళంతా నిప్పు అంటుకున్నట్టయింది. "నీకు సిగ్గుందా?" అని అరిచింది. అంత గట్టిగా ఆమె జన్మలో అరవలేదు. "ఎవరడిగారు నిన్ను? ఏమనుకున్నావు నన్ను, నీ బస్సు కింద టైరా? చెరిపెయ్. ఇప్పుడే చెరిపెయ్!"

ఈలలు ఆగిపోయాయి. డెలానో మొహంలో వెలుగు ఒక్కసారి ఆరిపోలేదు, మెల్లిమెల్లిగా ఆరింది. అది ఇంకా ఘోరంగా ఉంది చూడటానికి.

"సరే," అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి వాగిమన్ వసారాలో కూర్చుని ఉన్నాడు. పంజరం మీద పాత గుడ్డే కప్పి ఉంది.

"ఊరందరికంటే ఆఖర్న నాకు తెలిసిందన్నమాట," అన్నాడు.

"నాన్నా, రేపు చెబుదామనే..."

"గడ్డి గింజలు. పాత పంజరం. బస్సు రిపేరు." ఒక్కొక్కటే అన్నాడు. "నేను నేర్పిన విద్యే. ఒక్కటి మార్చు, ఆగు, చూడు. నన్ను మచ్చిక చేశావన్నమాట. పిట్టని చేసినట్టు."

సార్తినీ తల దించుకుంది. ఆయనన్నది నిజమే.

"మీ అమ్మ గురించి నీతో మాట్లాడాను ఆ రోజు. అది కూడా నువ్వు అనుకున్న ప్రకారమే జరిగిందా?"

"అయ్యో నాన్నా, అది కాదు..."

"ఎవరి పిట్ట వాళ్ళకిచ్చెయ్. నేను రాను."

ఆదివారం పొద్దున్న సార్తినీ ఒక్కతే పంజరం పట్టుకుని మైదానానికి వెళ్ళింది. అంతా మగాళ్ళే. దారిచ్చి, వింతగా చూశారు. డెలానో వచ్చి పంజరం అందుకుని కర్రకి తగిలించాడు. ఎదర ఇంకో పంజరం. జడ్జీలు పలక మీద సుద్దతో గీతలు గీయడానికి సిద్ధంగా నిలబడ్డారు. కూత కూతకీ ఒక గీత.

కమీషనర్ ఒకసారి చుట్టూ చూసి, మొదలుపెట్టింది.

ఎలా కూసిందని! ఎదటి పిట్టకి సందివ్వలేదు. పలక నిండిపోతుంటే జనం ఊపిరి బిగబట్టారు. ఆ సమయానికి చూడాల్సిన మనిషి లేలీడార్ప్‌లో తన ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇద్దరూ ఎన్నాళ్ళో కన్న కల కళ్ళెదుట నిజమవుతుంటే, సార్తినీ డెలానో చెరో పక్క నిలబడి నేల చూశారు.

గెలిచింది. భుజాలు తట్టడాలు అయ్యాక డెలానో పంజరం తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"మీ నాన్నకివ్వు. పాట అక్కడ నేర్చుకుంది, అక్కడే ఉండనీ."

"డెలానో, నేను నిన్న... అసలు ఇవాళ నాన్నని ఇక్కడికి తీసుకొచ్చి, ఆయనకి నిన్ను చూపించి..." మొత్తం చెప్పింది. గడ్డి గింజలనించి నీలం గుడ్డ దాకా. చెప్తూంటే ఎంత బాగా పన్నిన పథకమో తనకే అనిపించింది.

అతను విన్నాడు. మొదటిసారి మధ్యలో మాట్లాడకుండా విన్నాడు.

"ఇదంతా నాకు ముందే ఒక్క ముక్క చెప్పుంటే?"

"చెప్తే ఆగేవాడివా నువ్వు?"

"ఆగేవాణ్ణి. ఎందుకు ఆగాలో తెలిస్తే ఎన్నాళ్ళైనా ఆగేవాణ్ణి. పిట్టకంటే చెప్పక్కర్లేదు సార్తినీ, చెప్పినా తెలీదు. నేను మనిషిని కదా." బస్సు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "రైసుమిల్లు వాడి సంగతి అడిగాను, చెప్పలేదు. ఇష్టమా అని అడిగాను, ఆగమన్నావు. ఏమీ తెలీక, నువ్వు దక్కవేమోనని భయమేసి ఆ బొమ్మ వేయించాను. తప్పే. చెరిపించేశాను."

అతను వెళ్ళిపోయాడు. వెళ్తూంటే బస్సు వెనక తెల్లటి రంగు ఇంకా తడిగా మెరుస్తోంది.

డెలానో ఇచ్చాడని చెప్పి సార్తినీ పంజరం అందిస్తే, వాగిమన్ దాన్ని వసారాలో తగిలించాడు. తరవాత నీలం గుడ్డ తీసి కప్పాడు. ఆ రోజునించీ పిట్ట పనంతా ఆయనదే. కూతురితో మాత్రం ఉప్పుందా, చక్కెరుందా అన్నంత వరకే. సార్తినీ మార్కెట్‌కి వేరే బస్సులో వెళ్ళసాగింది. డెలానో దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అందామని రోజూ అనుకునేది. ముందు నాన్న మెత్తబడాలి కదా, చేతిలో ఏదో ఒకటి లేకుండా ఏ మొహంతో వెళ్తాను, అని మళ్ళీ ఆగేది. పాఠం నేర్చుకుందనుకున్నాం గానీ, అలవాటు అంత తొందరగా పోదు.

వానాకాలం వచ్చింది, వెళ్ళింది. ఒక సాయంత్రం వాగిమన్ గింజలు వేస్తూ, కూతురి వైపు చూడకుండా అన్నాడు. "గెలిచిన పిట్టని ఎవడూ ఇవ్వడు. నేనైతే చచ్చినా ఇవ్వను."

సార్తినీ చేతిలో గరిటె ఆగిపోయింది.

"వాడు ఇచ్చాడు. అదీ నాకు. తిట్టిపోసిన ఇంటికి." ఆయన చేతులు దులుపుకున్నాడు. "రేపు కాఫీకి రమ్మను. కేకులు చేసే అత్త ఉందటగా వాడికి, ఆమెని కూడా తెచ్చుకోమను. మీ అమ్మ ఉంటే ఎప్పుడో పిలిచేది."

మర్నాడు ఆమె మార్కెట్ మానేసి బస్టాపులో నిలబడింది. పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది. సన్నగా వాన పడుతోంది. డెలానో బస్సు వచ్చింది. ఎక్కబోయి, ముందు సీట్లో ఎవరో ఉండటం చూసి ఆగింది. పసుపు గౌను వేసుకున్న అమ్మాయి, ఒళ్ళో టిఫిను డబ్బా.

"ఎక్కండి, తడిసిపోతారు," అని ఆ అమ్మాయే చెయ్యి అందించింది. సార్తినీ డ్రైవరు సీటు వెనక, ఒకప్పుడు పంజరం వేలాడిన కొక్కెం కింద కూర్చుంది.

"బావున్నావా?" అన్నాడు డెలానో, అద్దంలోంచి చూస్తూ.

"ఊఁ. నాన్న నిన్ను కాఫీకి రమ్మన్నాడు. మీ అత్తని కూడా."

బస్సు కదలలేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"ఈ మాట మీ నాన్నదేనా?" అని అడిగాడు నెమ్మదిగా.

"నాది కూడా." ఇక ఆగలేదు ఆమె. "నువ్వంటే ఇష్టం డెలానో. అద్దం దగ్గర్నించి పంజరం మార్చి, ఎండ తగుల్తోందని అబద్ధం చెప్పావే, ఆ రోజునించీ ఇష్టం."

అతను స్టీరింగు మీద నించి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇదే మాట శనివారం చెప్పినా, ఆదివారం చెప్పినా, ఆ తరవాత ఏ రోజు చెప్పినా... నేను రోజూ మీ స్టాపులో బస్సు ఆపాను సార్తినీ. ఎక్కేవాళ్ళు లేకపోయినా ఆపాను. జనం తిట్టేవాళ్ళు." పక్క సీటు వైపు చూశాడు. "ఈమె లుక్రేషియా. వచ్చే నెల మా పెళ్ళి."

లుక్రేషియా చెడ్డపిల్ల కాదు. అయ్యుంటే సార్తినీకి కాస్త సులువయ్యేది. "మీ గురించి అంతా చెప్పాడండీ," అంది మొహమాటంగా. "నాకు దాపరికం చేతకాదు. నువ్వు నచ్చావు, సాయంత్రంలోగా జవాబు చెప్పు అని బస్సులోనే అడిగేశాను. ఈయన భయపడి రెండుసార్లు తప్పు స్టాపులో ఆపాడు."

సార్తినీ నవ్వింది. ఎలా నవ్విందో ఆమెకే తెలియదు. "మంచి పని చేశారు," అంది.

"కమీషనర్ కూస్తున్నాడా?" అన్నాడు డెలానో.

"రోజూ కూస్తున్నాడు."

తరవాతి స్టాపులో దిగిపోయింది. వానలో బస్సు వెళ్తూంటే వెనకనించి చూసింది. వేసినవాడు ఒక్క పూతే వేసినట్టున్నాడు. ఎండలకీ వానలకీ తెల్లరంగు పల్చబడి, లోపలినించి రెండు కళ్ళు కనిపిస్తున్నాయి, పొడుగాటి రెప్పలతో సహా. మలుపు తిరిగేదాకా అవి ఆమెనే చూశాయి.

ఇంటి దగ్గర వాగిమన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వసారాలో ఉన్నాడు. బల్ల మీద నాలుగు కప్పులు. సాయంత్రానికి ఇప్పట్నించే కడిగి ఆరబెట్టాడు. కూతురు తడిసి రావడం చూసి లేచాడు.

"ఏమన్నాడు?"

ఒక్కొక్కటే చెప్పడం, ఏది ముందో ఏది తరవాతో చూసుకోవడం సార్తినీకి ఇంక చేతకాలేదు. అన్నీ ఒక్కసారే చెప్పేసింది. లుక్రేషియా సంగతీ, రోజూ ఆపిన బస్సు సంగతీ, తను ఎంత భయపడిందో, ఎంత ఇష్టపడిందో, అమ్మ పోయిననాటినించీ ఆయనతో ఏదీ సూటిగా అనలేక ఎలా చుట్టూ తిరిగిందో, అన్నీ. ముక్కు చీదుకుంటూ, మధ్యలో మాటలు మింగేస్తూ చెప్పింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఇలా చెప్పుంటే ఆ రోజే వినేవాణ్ణేమోనే," అన్నాడు. "ఏమో. వినకపోదును కూడా."

తరవాత లేచి బల్ల మీంచి రెండు కప్పులు తీసి లోపల పెట్టి వచ్చాడు. మిగిలిన రెండింట్లో కాఫీ పోశాడు. వసారాలో కమీషనర్ ఆపకుండా కూస్తోంది. ఆ కూత వింటూ తండ్రీ కూతురూ కాఫీ చల్లారేదాకా కూర్చున్నారు.